ప్యాడ్లు మార్చడానికి పూట ఎందుకు పడుతోందంటే

మా షెడ్డుకు కార్లు తెచ్చే అందరికీ నమస్కారం. బ్రేకు పని విషయంలో ఈ నెల నుంచి రెండు మార్పులు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు (డిస్కును రెండు వైపులా అదిమి బండిని ఆపే ముక్కలు) మార్చాలంటే కారును ఒక పూట మా దగ్గర వదలాలి. రెండు చక్రాలకూ కలిపి కూలి 500 రూపాయలు పెరుగుతుంది. "పక్క వీధిలో అరగంటలో బిగించి పంపేస్తున్నారు కదా" అని ఇప్పటికే కొందరు నిలదీశారు. అడగాల్సిన మాటే కాబట్టి జవాబు వివరంగా రాస్తున్నాను.

ఈమధ్య వచ్చిన ఒక కారు సంగతి చూడండి. ఎడమవైపు ముందు చక్రం విప్పితే బయటి ప్యాడ్ 7 మిల్లీమీటర్ల మందం ఉంది, ఇంకా చాలాకాలం వస్తుంది. అదే చక్రానికి లోపలి ప్యాడ్ మాత్రం వెనకున్న ఇనుప రేకు దాకా అరిగిపోయి, చక్రంతో పాటు తిరిగే డిస్కు లోపలి ముఖాన్ని గాడులు పడేలా గీకేసింది. చక్రం సందుల్లోంచి తొంగిచూస్తే కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. యజమాని టార్చి వేసి చూసుకుని నిశ్చింతగా ఉన్నారు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవారు.

మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు బ్రేకు పిస్టన్ లోపలివైపు మాత్రమే ఉంటుంది. పెడల్ తొక్కగానే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. ఆ ఎదురు ఒత్తిడికి క్యాలిపర్ (పిస్టన్ ఉండే, డిస్కును రెండు వైపులా పట్టుకునే దవడ) మొత్తం లోపలికి జరిగి, బయటి ప్యాడ్‌ను కూడా లాగి డిస్కుకు ఆనిస్తుంది. అలా జరగడానికి ఉన్నవి రెండు గైడ్ పిన్నులు. వాటి మీది రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లు దిగుతాయి, గ్రీజు ఎండిపోతుంది, తుప్పు పడుతుంది. క్యాలిపర్ కదలకపోతే భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. ఒక్క పిన్ను మాత్రమే పట్టేస్తే ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది, వాడిన సబ్బుబిళ్లలా ఒక కొస మందంగా, ఒక కొస పలచగా. లోపలి ప్యాడ్ బయటిదాని కన్నా కాస్త ఎక్కువ అరగడం మామూలే. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే మాత్రం కారణం వెతకాల్సిందే.

విశాఖలో ఈ జబ్బు ఎక్కువ. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, బీచ్ వైపు అపార్టుమెంట్లలో కార్లు రోజుల తరబడి కదలకుండా ఉంటాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలకు తిరిగొచ్చిన పెద్దవారి కార్లలో పిన్నులు సుత్తితో కొడితే గానీ ఊడి రావు. అరకు ఘాట్ దిగి వచ్చాక మోత మొదలైందని ఘాట్‌ను తిట్టేవారూ ఉన్నారు. పాపం, ఘాట్‌కు లోపలి ప్యాడ్ మీద ప్రత్యేకంగా కోపం ఉండదు. అరిగితే రెండూ అరగాలి. (సెకండ్ గేరులో దిగితే ఆ అరుగుదల కూడా తగ్గుతుందనుకోండి.)

కొత్త ప్యాడ్లు తోసి బిగిస్తే మోత ఆ రోజుకు పోతుంది. పిన్ను పట్టేసే ఉంటుంది గనుక కొత్త ప్యాడ్ కూడా అలాగే అరుగుతుంది. అందుకే ఇక్కడ విప్పిన ప్రతి పిన్నునూ తుప్పు వదిలేలా తుడిచి, అది కూర్చునే రంధ్రం శుభ్రం చేసి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు రాస్తున్నాం. బేరింగులకు వాడే మామూలు గ్రీజు పనికిరాదు. అది తగిలితే అక్కడి రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. కొన్ని కార్లలో ఒక పిన్నుకు చివర రబ్బరు బుష్ ఉంటుంది, రెండో దానికి ఉండదు. వాటిని తారుమారు చేయకుండా విప్పేటప్పుడే గుర్తు పెడుతున్నాం. ప్యాడ్ చెవులు, అంటే దాని రెండు కొసలు, కూర్చునే బ్రాకెట్‌లో తుప్పు గీకడానికే సగం సమయం పోతుంది.

పిన్నులు బాగున్నా చక్రం పట్టేసినట్టు తిరుగుతుంటే అసలు చిక్కు వేరే చోట ఉందన్నమాట. జాకీ మీద చక్రం చేత్తో తిప్పుతూ బ్రేకు ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నట్టు కొద్దిగా వదులు చేస్తాం. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపల చిక్కుకుందని అర్థం. చాలాసార్లు అది లోపల పూడిన బ్రేకు గొట్టం పని, పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. నట్టు వదిలినా చక్రం బిగుతుగానే ఉంటే పిస్టన్ పట్టేసింది. అప్పుడు పిస్టన్ బయటికి తీసి చూస్తాం. దాని మీద గుంటలు పడకపోతే సీలు కిట్టుతో (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బర్లు) సరిపోతుంది, క్యాలిపర్ కొనాల్సిన పని లేదు. కొత్త క్యాలిపర్ అమ్మితే మాకు మిగిలేది ఎక్కువే, అయినా అవసరం లేనిది అంటగట్టం. కొన్ని మోడళ్లకు మాత్రం కిట్టు విడిగా దొరకదు, దానికి మేము చేయగలిగింది లేదు.

కుడివైపు ప్యాడ్లు బాగున్నాయి, ఎడమవైపు మాత్రమే మార్చండి అంటే మార్చం. ఒకవైపు కొత్తవి, ఒకవైపు పాతవి ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. ఆన్‌లైన్‌లో కొన్న ప్యాడ్లు మీరే తెస్తే బిగిస్తాం, వాటికి హామీ ఇవ్వలేం. కొన్నింటి చెవుల మీద రంగు ఎంత దట్టంగా ఉంటుందంటే ఆకురాయి పట్టకపోతే బ్రాకెట్‌లో కదలవు.

తీసిన ప్యాడ్లు నాలుగూ ఏ చక్రంవో, లోపలివో బయటివో రాసి మీ కవరులో పెడతాం. మందం మీరే కొలుచుకోవచ్చు. కొత్తవి వేశాక మొదటి 200 కిలోమీటర్లు అవసరం పడితే తప్ప గట్టిగా బ్రేకు తొక్కకండి.

కారు ఉదయం తొమ్మిది గంటలలోపు తేండి. ఏ చక్రం ఎక్కువ వేడెక్కిందో చూడాలి కాబట్టి కడిగించి తేవద్దు, ఇంటి నుంచి నేరుగా నడుపుకుంటూ రండి. ఆదివారం విడిభాగాల దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు బ్రేకు పని ఒప్పుకోవడం లేదు.