ఆడపిల్లల తల్లులందరికీ

అక్కలూ, వదినలూ, గ్రూపులో మగవాళ్ళున్నారని మొహమాటపడకండి. నాన్నలు కూడా చదవాల్సిన విషయమే.

వానలు పడుతున్నాయి. నెలసరికి గుడ్డలు వాడే పిల్లలకు అసలు కష్టం ఇప్పుడే. ఎవరైనా చూస్తారని చీర కిందో, మంచం వెనకో ఆరేస్తారు. చెమ్మ పోని గుడ్డనే మళ్ళీ పెట్టుకుంటే దురద, ఒరుపు, ఇన్‌ఫెక్షన్. గుడ్డ వాడటం తప్పు కాదండీ. మెత్తటి నూలుగుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో దండెం మీదే ఆరేయనివ్వండి. ఎండ లేని రోజు ఇస్త్రీ చేయండి. గుడ్డయినా ప్యాడైనా 4 నుంచి 6 గంటలకోసారి మార్చాలి.

బడిలో బాత్‌రూమ్‌కు గడియ, నీళ్ళు లేకపోతే ఎలా మారుస్తారు? పొద్దున పెట్టుకున్నదే సాయంత్రం దాకా ఉంటుంది, లేచి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం కూడా మానేస్తారు. గడియ, నీళ్ళు, మూత ఉన్న చెత్తడబ్బా: ఈసారి తల్లిదండ్రుల మీటింగులో ఈ మూడూ గట్టిగా అడుగుదాం.

జన ఔషధి షాపుల్లో 'సువిధ' ప్యాడ్ 2019 నుంచి ఒక్కోటి రూపాయే. టౌనుకు వెళ్ళేవాళ్ళు పక్కింటి పిల్లలకూ తెండి.

ఇంకోటి. ఆ రోజుల్లో పిల్లను మూల కూర్చోబెట్టి పెరుగు, గుడ్డు మాన్పించకండి. ఆకుకూర, పప్పు ఇంకా ఎక్కువ పెట్టండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోమనండి.

రక్తస్రావం 7 రోజులు దాటినా, గంట గంటకూ ప్యాడ్ తడిసిపోతున్నా పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. గ్రూపులో అడగలేనివి నాకు విడిగా మెసేజ్ పెట్టండి.