ఆటోనగర్ కార్బురేటర్ బాబాయ్‌కి, ఇంకా సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

ఈ పోస్టు చదవాల్సిన మనిషి ఫోన్‌లో ఇలాంటివేవీ చూడరు. అయినా రాస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన షాపు చుట్టుపక్కల ఉండేవాళ్లెవరైనా చదివితే దయచేసి ఆయనకు వినిపించండి. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. పాత బళ్ల కార్బురేటర్లు (ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే భాగం) మాత్రమే బాగుచేసే పెద్దాయన అంటే అక్కడ ఎవరైనా చూపిస్తారు. మేం ఆయన్ని బాబాయ్ అనే పిలిచాం.

మా కాలేజీ గోకార్ట్ (చిన్న రేసు బండి) కోయంబత్తూరు ట్రాక్ మీద ఎండ్యూరెన్స్ రేసు (ఎక్కువసేపు నడిచే పోటీ) ఆఖరిదాకా ఆగకుండా తిరిగింది. కప్పు రాలేదు. కానీ మా కార్టు రేసు పూర్తి చేయడం ఇదే మొదటిసారి. రాత్రంతా సామాను సర్ది పొద్దున రైలెక్కాం. చేతులకి ఇంకా పెట్రోల్ వాసన వస్తోంది, కళ్లు మండుతున్నాయి. టీమ్ అంతా ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోతున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇది రాసేదాకా పట్టేలా లేదు.

బండి సంగతి కొంచెం చెప్తాను, లేకపోతే ఆయన చేసింది ఏమిటో అర్థం కాదు. మాది తుక్కు కింద కొన్న పాత 125 సీసీ బైకు ఇంజను. పోటీ నియమాల ప్రకారం ఇంజను లోపల చెయ్యి పెట్టకూడదు. గాలి లోపలికి వెళ్లే దారి, కార్బురేటర్ సెట్టింగు మాత్రం మన ఇష్టం. డబ్బున్న టీములు కొత్త ఇంజన్లు తెచ్చుకుంటాయి. మాకు సీనియర్లు వదిలి వెళ్లిన ఇంజనే దిక్కు. వాళ్లప్పుడే ఎయిర్‌బాక్స్ (గాలిని వడపోసి ఇంజనుకి పంపే డబ్బా) తీసేసి, కార్బురేటర్ మూతికి నేరుగా కోన్ ఫిల్టర్ (శంఖువు ఆకారపు గాలి ఫిల్టర్) బిగించి ఉంది. నెమ్మదిగా నడిపితే బాగానే పోతుంది. మలుపు తిరగ్గానే యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే మాత్రం ఇంజను మూలిగి, ఒక క్షణం చచ్చుబడి, ఆ తర్వాతే లేస్తుంది. ప్రతి మలుపులో అంతే. ఆ ఒక్క క్షణంలో వెనక కార్టు ముందుకెళ్లిపోతుంది.

ఆటోనగర్‌లో షాపు షాపుకీ తిరిగాం. కొందరు పెద్ద సైజు కార్బురేటర్ వేసెయ్యమన్నారు. కొందరు అసలు విప్పనే లేదు. వాళ్లనీ తప్పు పట్టలేను. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (బళ్ల పొగ మీద కొత్త నియమాలు) వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి (కార్బురేటర్ బదులు కంప్యూటర్ పెట్రోల్ కొలిచి వదిలే పద్ధతి) మారిపోయాయి. కార్బురేటర్ నేర్చుకునే కుర్రాళ్లూ లేరు, జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ముక్కలు) స్టాకు పెట్టుకునే షాపులూ లేవు. చివరికి ఒక టీ కొట్టు దగ్గర ఎవరో చెబితే బాబాయ్ షాపుకి వెళ్లాం. అప్పటికి ఆయన షట్టర్ సగం దించేశారు.

ఏ కాలేజీ, ఎవరు పంపారు, డబ్బులున్నాయా, ఇవేవీ ఆయన అడగలేదు. "స్టార్ట్ చెయ్యండి" అన్నారు, అంతే. ట్రాలీ ఆటో మీదే స్టార్ట్ చేశాం. కాసేపు ఊరికే విన్నారు. మావాడు రేజ్ చేస్తుంటే, ఆయన అరచెయ్యి పెట్టి ఫిల్టర్‌ని సగం మూశారు. మూలుగు పోయింది! ఇంజను నున్నగా పైకి లేచింది. చెయ్యి తీశారు, మళ్లీ అదే మూలుగు. "గాలి ఎక్కువై పెట్రోల్ చాలట్లేదు. మీరేమో ఇంకా గాలి కావాలని తిరుగుతున్నారు" అన్నారు. ఇన్నాళ్లూ మేం పడ్డ టెన్షన్‌కి కారణం ఆయన అరచేతికి దొరికింది.

తర్వాత ఇన్‌టేక్ రబ్బరు (కార్బురేటర్ నుంచి ఇంజనుకి గాలి వెళ్లే రబ్బరు గొట్టం) చుట్టూ స్ప్రే కొట్టారు. ఒకచోట కొట్టగానే ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజను తిరిగే వేగం) పెరిగింది. కంటికి కనిపించని పగులు ఉందక్కడ, దొంగగాలి అందులోంచి పోతోంది. ఆ రబ్బరు మార్చకుండా జెట్లు ఎన్ని మార్చినా ఉపయోగం లేదని చెప్పి, ఇంటికెళ్లే మనిషి షట్టర్ మళ్లీ పైకెత్తి బల్ల మీద గుడ్డ పరిచారు.

ఆ బల్ల దగ్గర నేర్చుకున్నది నాకు ఏ క్లాసులోనూ దొరకలేదు. పెద్ద కార్బురేటర్ ఎందుకు వద్దో ఇలా చెప్పారు: "నీళ్ల పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు ఎంత దూరం కొడతాయి? గొంతు సన్నగా ఉంటేనే గాలికి ఊపు." ఆ ఊపు వల్ల అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ఆ ఒత్తిడి తేడాయే కింద గిన్నెలోని పెట్రోలుని జెట్ గుండా పైకి లాగుతుంది. చిన్న ఇంజనుకి వెడల్పు గొంతు పెడితే పైన ఆర్‌పీఎంలో (ఇంజను వేగంగా తిరిగేటప్పుడు) కాస్త లాభం రావచ్చు, కానీ కింద, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, గాలి బద్ధకంగా కదులుతుంది, పెట్రోల్ తుంపరగా విడిపోదు, పికప్ చచ్చిపోతుంది. మలుపుల ట్రాక్‌లో మనకి కావలసింది కింద పికప్పే కదా.

ఎయిర్‌బాక్స్ గురించి చెప్పింది ఇంకా విలువైనది. మా కార్బురేటర్ సీవీ రకం. యాక్సిలరేటర్ కేబుల్ లాగితే తెరుచుకునేది ఇంజను వైపున్న పల్లెం ఒక్కటే. గాలి దారిని మూసి ఉంచే పైన స్లైడ్ దానంతటదే లేస్తుంది, డయాఫ్రం (దానికి అంటుకున్న పల్చని రబ్బరు పొర) పైనా కిందా గాలి ఒత్తిడిలో తేడా చూసుకుని. డయాఫ్రం కింది భాగానికి గాలి అందేది కార్బురేటర్ మూతి దగ్గరున్న రంధ్రాల నుంచే. అక్కడే కోన్ ఫిల్టర్ బిగిస్తే గాలి సుడులు తిరుగుతుంది, స్లైడ్ తడబడుతుంది. ఎయిర్‌బాక్స్ పని దుమ్ము ఆపడం ఒక్కటే కాదట, నిలకడైన గాలిని నిల్వ ఉంచడం కూడా. "కంపెనీవాడు ఇంత డబ్బా ఊరికే పెట్టడమ్మా" అన్నారు. తుక్కు షాపులో పాత ఎయిర్‌బాక్స్ కొనుక్కుని, డబ్బాని అలాగే ఉంచి, గాలి లోపలికి వచ్చే మూతిని మాత్రం వెడల్పు చేసుకోమన్నారు. కొత్త రేసింగ్ ఫిల్టర్ ఖరీదుతో పోలిస్తే అది ఏమూలకీ రాదు.

ఇక నేను మర్చిపోలేని సంగతి.

కార్బురేటర్ విప్పడానికి మా టీమ్ అబ్బాయి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. టీమ్‌లో ఇంజను పని నాది. కానీ ఏ షాపుకి వెళ్లినా, మా కాలేజీ వర్క్‌షాపులో అయినా సరే, నా చేతికి వచ్చేది ఫోన్ టార్చి. వెలుగు పట్టుకుని నిలబడాలి. అలవాటైపోయి నేనే టార్చి ఆన్ చేసి నిలబడ్డాను. బాబాయ్ నా వైపు చూసి, "ప్రశ్నలన్నీ నువ్వే అడుగుతున్నావు, పని వాడెందుకు చేస్తాడు?" అని స్క్రూడ్రైవర్ తీసి నాకిచ్చారు. టార్చి వాడి చేతికిచ్చారు. "నువ్వే తిప్పు. రేపు అక్కడ నేనుండను కదా."

నా గొంతు పూడుకుపోయింది. నాలుగేళ్లుగా మెకానికల్ చదువుతున్నాను. నువ్వే తిప్పు అని నాతో అన్న మొదటి మనిషి ఆయన. తల వంచుకుని విప్పడం మొదలుపెట్టాను, కళ్లు కనబడకూడదని. ఆయన గమనించారో లేదో తెలియదు. ఏమీ అనకుండా నా స్టూలు దగ్గరకి ఫ్యాను తిప్పారు.

అన్నీ నా చేతే చేయించారు. కార్బురేటర్‌కీ ఇంజను హెడ్‌కీ మధ్య గ్యాస్కెట్ (గాలి లీకు కాకుండా పెట్టే పల్చని అట్ట) అంచు దారిలోకి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని కోయించి, రెండు రంధ్రాలూ ఒకదానికొకటి సరిపోయేలా మెట్టుని ఆకురాయితో, తర్వాత వాటర్ పేపర్‌తో తీయించారు. అద్దంలా మెరవక్కర్లేదు, వేలు పెడితే తగలకుండా ఉంటే చాలన్నారు. గాలికి దారి ఇవ్వడమంటే ముందు ఈ మెట్టు తీయడం, ఖర్చులేని పని. మా నీడిల్‌కి (స్లైడ్‌తో పాటు లేస్తూ పెట్రోల్ దారి తెరిచే సూది) ఎత్తు మార్చుకునే క్లిప్పు గాడులు లేవు, కంపెనీ నుంచే అంతే. కింద సన్నని వాషరు వేసి నీడిల్ కాస్త లేపించారు, దాంతో సగం యాక్సిలరేటర్ దగ్గర పెట్రోల్ పెరిగింది. ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మట్టం చూడడం నేర్పారు. మెయిన్ జెట్ 105 ఉంటే 110 వేయించారు.

ఈ జెట్ల మీద అంకె అంటే రంధ్రం వ్యాసం, 105 అంటే 1.05 మిల్లీమీటర్లు. అంకెలో తేడా చిన్నదే కానీ రంధ్రం వైశాల్యం లెక్కేస్తే దాదాపు పది శాతం పెరుగుతుంది. అంత ఎందుకని అడిగితే "ఇప్పుడు బంకులో పోసేది పాత పెట్రోల్ కాదుగా" అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. మామూలు పెట్రోలుకి ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20కి లెక్క 13.5 దగ్గర తేలుతుంది. అంటే పాత జెట్‌తో నడిచే ప్రతి బండీ ఎనిమిది శాతం దాకా పెట్రోల్ తక్కువై నడుస్తోందన్నమాట. ఇంజెక్షన్ బళ్లలో సెన్సార్ ఉంటే సర్దుకుంటుంది. కార్బురేటర్‌కి ఎవరు సర్దుతారు? బంకులో వేరే పెట్రోల్ అడిగితే ఖరీదైన ప్రీమియం చూపిస్తారు. పాత స్ప్లెండర్ మీద కూలికి వెళ్లే మనిషికి "నీ బండికి జెట్ మార్పించుకో" అని చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బండి ముక్కుతోందంటే ఇంజను పోయిందనుకుని డబ్బు తగలేసుకుంటున్నారు. బాబాయ్ లాంటివాళ్లు ఊరికొకరైనా ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

ఎంతివ్వమంటారని అడిగితే గ్యాస్కెట్‌కీ రబ్బరుకీ మాత్రమే తీసుకున్నారు. పైగా ఒక తగరపు డబ్బా తీశారు. ఏళ్ల తరబడి దాచుకున్న జెట్లు. ఇప్పుడు కొందామన్నా అసలువి దొరకవు, ఆన్‌లైన్‌లో వచ్చేవాటి మీద అంకె ఒకటి, రంధ్రం ఇంకొకటి. పోటీ ఏ ఊళ్లో అని అడిగి, రెండు జెట్లు ఏరి, చిన్న కాగితం ముక్కల్లో చుట్టి ఇచ్చారు. ఒకదాని మీద పెన్సిల్‌తో "ఎండకి", ఇంకోదాని మీద "చలికి" అని రాశారు.

కోయంబత్తూరు సముద్రమట్టానికి 400 మీటర్ల పైన ఉంది. మన విజయవాడకన్నా గాలి పల్చన. పొద్దుటి చల్లదనంలో బాగానే నడిచిన కార్టు ఎండెక్కేసరికి మందగించింది. స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే నల్లగా మసి. పెట్రోల్ ఎక్కువైందని అర్థమైంది. పిట్‌లో (ట్రాక్ పక్కన బండి బాగుచేసుకునే చోటు) నేలమీద కూర్చుని "ఎండకి" పొట్లం విప్పాను. జెట్ మార్చి, పెట్రోల్ తక్కువ వదిలే ఆ జెట్ బిగించాను, నేనే. ఎవరూ టార్చి పట్టక్కర్లేకపోయింది, మిట్టమధ్యాహ్నం. మళ్లీ ట్రాక్ మీదకి వెళ్లిన కార్టు మలుపు నుంచి ఒక్క మూలుగు లేకుండా బయటికి దూకింది. బాబాయ్, మీకు ఆ శబ్దం వినిపించాలని ఫోన్‌లో రికార్డు చేశాను. ఈ వారమే తీసుకొస్తాను.

ఒక విషయం రాయకుండా ఉండలేను. మా ఖర్చులు కాలేజీ నుంచి తిరిగి రావాలంటే జీఎస్టీ బిల్లు కావాలట. బాబాయ్ తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ చెల్లదట. పనికిరాని కోన్ ఫిల్టర్‌కి మాత్రం బిల్లుంది కాబట్టి అప్పట్లో డబ్బొచ్చింది! మమ్మల్ని నిలబెట్టిన మనిషికి ఇచ్చిన కాసిని రూపాయలకి లెక్కలో చోటు లేదు. ల్యాబ్ సాయంత్రం ఐదుకి తాళం. ప్రాజెక్టు ఫీజు పేరుతో ప్రతి ఏడాదీ కట్టించుకుంటారు, ఒక జెట్ల సెట్టు కొనలేదు. ఇలాంటి పెద్దాయన్ని ఒక్క రోజు వర్క్‌షాపుకి పిలిచి విద్యార్థుల ముందు కూర్చోబెడితే ఏం పోతుంది? డిగ్రీ లేదంటారా? ఆయన అరచెయ్యి చేసిన పని మా ల్యాబ్‌లో ఏ మీటరూ చేయలేకపోయింది. కోపంగానే రాస్తున్నాను, తీసెయ్యను.

అమ్మకీ నాన్నకీ అన్నయ్యకీ థాంక్స్, డబ్బులు పంపినందుకూ, రాత్రుళ్లు ఎక్కడున్నావని గొడవ చేయనందుకూ. టీమ్ గురించి విడిగా రాస్తాను, వాళ్లు లేకపోతే కార్టే లేదు.

పోస్టు పెట్టేసేదాన్నే, ఇంతలో గుర్తొచ్చారు. ఎయిర్‌బాక్స్ మూతికి అల్యూమినియం బెల్‌మౌత్ (గంట మూతిలా వెడల్పైన గాలి దారి) లేత్ మీద తిప్పిచ్చిన అన్న, లోపలి అంచు గుండ్రంగా రావాలని రెండోసారి కూడా విసుక్కోకుండా చేశారు. బాబాయ్ షాపు చూపించిన టీ కొట్టు ఆవిడ, ఆయన అడ్రసు చెప్పింది ఆవిడేనని ఇప్పుడే మావాడు అన్నాడు. బాబాయ్ దగ్గర పని అయ్యేదాకా వెయిటింగ్ చార్జీ అడగని ట్రాలీ ఆటో డ్రైవర్. పార్సిల్ ఆఫీసులో కార్టు ట్యాంకు ఖాళీ చేయించి, పెట్రోల్ వాసన పోయేదాకా ఓపిగ్గా ఆగి బుక్ చేసిన గుమాస్తా గారు. తుక్కు షాపు తాతగారు, ఎయిర్‌బాక్స్ కోసం గుట్టంతా తిరగేయనిచ్చారు.

ఇంకా పక్క పిట్‌లో తమిళ అమ్మాయి. మా ప్లగ్ స్పానర్ కనబడక వెతుకుతుంటే తనది ఇచ్చింది. భాష రాదు, పేరు అడగలేదు. ఆ స్పానర్ పొరపాటున మా టూల్ బాక్స్‌లోకి వచ్చేసింది, ఇందాకే చూశాను. ఆ టీమ్‌వాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి, పార్సిల్‌లో పంపిస్తాను.