సంక్రాంతికి మేడమీది గదులు తెరవడం లేదు

ఏటా పండుగకు, అతిథులకు గదులు అద్దెకిచ్చే మా పాత జమీందారీ దివాణంలో మేడమీది గదులనే కోరుకునే అతిథులకు ఈ సంగతి ఫోనులో ముక్తసరిగా చెప్పడం ఇష్టం లేక రాస్తున్నాను. ఈసారి ఆ నాలుగు గదులూ తెరవడం లేదు. కింది రెండు గదులు ఎప్పటిలాగే ఉంటాయి. మిగిలినవారి అడ్వాన్సు పూర్తిగా వాపసు చేస్తున్నాము.

టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మిద్దె మాది. గోడల పూత కూడా సున్నమే. మొన్న వేసవిలో మేడమీద కొత్త పూత వేయించడానికి, కనీసం నెలన్నర నీళ్లలో మాగిన సున్నమే పంపాలని ముందుగా సొమ్ము కట్టి మరీ చెప్పాను. సరఫరాదారు రెండుసార్లు గడువు దాటించి, చివరకు సరిగా నీళ్లు తాగని సరుకు దింపి వెళ్లాడు. లోపల మిగిలిన పచ్చి పలుకులు వానాకాలపు చెమ్మకు ఉబ్బి, గోడంతా మొటిమలు లేచినట్టయి, ఒక్కొక్కటే చిట్లి పెచ్చులూడసాగింది. దింపుకున్న రోజే ఒక ముద్దను వేళ్ల మధ్య నలిపి ఉంటే పలుకు తగిలేది. నలిపి చూడకపోవడం నా తప్పు. కార్తీకంలో వచ్చిన ఒక పెద్దాయన కాఫీ గ్లాసులో చిటికెన గోరంత పెచ్చు పడింది. ఆయన కోప్పడలేదు, గ్లాసును నా వైపు జరిపి, ఈ గోడ వయసెంత అని అడిగారు. ఆరు నెలలని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సిమెంటు పూసి రంగు వేస్తే పండుగలోగా గదులు సిద్ధమవుతాయని, లోపల ఏముందో ఎవరు చూస్తారని ఇంజనీరూ, మా అన్నయ్యా ఒకే మాట అన్నారు. ఎవరు చూస్తారన్న ఆ మాటే నన్ను పొడిచింది. అయినా పండుగ ఆదాయం మీద ఆశ చావక ఒక రోజు సిమెంటు బస్తాలు దింపించాను, రాత్రంతా లెక్కలు వేసుకొని, తెల్లవారాక తిప్పి పంపాను. సున్నపు గోడ పీల్చుకున్న చెమ్మను మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు వేస్తే చెమ్మ లోపలే చిక్కి, ఇటుక ఉప్పెక్కి పొడిగా రాలుతుంది. 1948 చట్టంతో జమీందారీలు పోయాక ఈ దివాణం కొన్నాళ్లు ధాన్యపు గోదాముగా కూడా బతికింది కాని సిమెంటు పాలబడలేదు. 2010లో హోటలుగా తెరవడానికి ముందు ఫలక్‌నుమా మరమ్మతులకు ఏళ్లు పట్టాయంటే అందరూ మెచ్చుకుంటారు. నేను మూడు నెలలడిగితే చాదస్తమంటున్నారు. అననివ్వండి.

ఇప్పుడు పాత పూత గీకించి, మా పెరటి తొట్టిలోనే సున్నం మాగబెడుతున్నాము. తరువాత ఇసుక, కరక్కాయ నీళ్లు కలిపి గానుగలో ఆడించి పూయాలి. ఉగాది దాటాక, గోడ ఆరిందని నా చేత్తో తడిమి చూసుకున్నాకే తేదీ చెబుతాను. అద్దె పెంచము. మేడమీది ఉయ్యాల బల్లను కింది వసారాలోకి దింపించాము. పొద్దుటి కాఫీ అక్కడే ఇస్తాము. ఆ గోడ పాతదే, దానికేమీ కాలేదు. అయినా గ్లాసు మీద మూత పెట్టే ఇస్తాము.