ఉద్యోగ రొట్టె దొరికింది సరే, ఆ తర్వాత?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరు. పద్దెనిమిదేళ్ళుగా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేస్తున్నా. నేను చేరేటప్పటికి ఇంకా టైగర్ రొయ్యే, 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకి అనుమతి వచ్చే నాటికి నేను పీలింగ్ టేబుల్ దగ్గర నిలబడి తలలు తీస్తున్నా. ఇప్పుడు షిఫ్ట్ సూపర్‌వైజర్ని. మధ్యలో డిగ్రీ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను, అది వేరే కథ.

ఈ ఉత్తరానికి కారణం మా ఎదురింటి అబ్బాయి. కిందటేడు రొట్టెల పండగకి వాళ్ళమ్మ వాణ్ణి నెల్లూరు తీసుకెళ్ళి, స్వర్ణాల చెరువులో నిలబెట్టి ఉద్యోగ రొట్టె పట్టించింది. బారాషహీద్ దర్గా మహిమో, వాడు రాసిన పరీక్షల ఫలమో, నాలుగు నెలలు తిరక్కుండా తడ వైపు ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు వెళ్ళి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి కదా. ఆ పండగ వచ్చేసరికి వాడు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. "ఇప్పుడు నేను రొట్టె ఇవ్వాల్నా, మళ్ళీ తీసుకోవాల్నా" అని ఆమె నన్నడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు.

పని కష్టమై మానలేదు వాడు. జీతం కూడా పర్లేదు. మేనేజర్ ఏదో ఫైలు ఆలస్యమైందని అందరి ముందూ అరిచాడంట, ఆలస్యం నిజానికి వీడిది కాదంట, ఆ మాట చెప్పడానికి వీడికి నోరు పెగల్లేదంట. ఆ రాత్రే రూములో బ్యాగు సర్దుకుని బస్సెక్కాడు. ఫోన్ చేసినా ఎత్తలేదు. విచిత్రం ఏంటంటే వాడి ఫైల్లో సాఫ్ట్ స్కిల్స్ సర్టిఫికెట్ ఉంది. ఏం నేర్పించార్రా అని అడిగితే చెప్పాడు: చెయ్యి ఎట్టా కలపాలి, కళ్ళల్లోకి చూసి ఎట్టా మాట్లాడాలి, టై ఎట్టా కట్టుకోవాలి, గ్రూప్ డిస్కషన్‌లో మొదట నోరు తెరిస్తే మార్కులు, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే రెండు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పడం. అంతా ఇంగ్లీషులోనే. అరిచే మేనేజర్ ముందు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, ఆ మేనేజర్ అరిచింది తెలుగులోనే మరి.

ఇంగ్లీషు వద్దని నేనట్లేదండీ. విదేశీ కొనుగోలుదారుల ఆడిటర్లు ప్లాంటుకు వచ్చినప్పుడు ఆ భాష రాక నేను పడిన అవస్థ నాకు తెలుసు. కానీ ఇంగ్లీషు రావడం వేరు, పనిలో పక్క మనిషితో మాట్లాడ్డం రావడం వేరు. రెండోదాన్ని మొదటిదాని ఖాతాలో వేసేసి, స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేసి కమ్యూనికేషన్ స్కిల్స్ అయిపోయాయంటున్నాం.

ఇక నా సంగతి. రెండేళ్ళ కిందట నా షిఫ్టులో ఒక ట్రైనీ చేరాడు, కుదురైన పిల్లాడు. ప్లాంటు చూడనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి: ఏ గుంటలో పట్టిన సరుకు ఆ గుంట పేరు మీద ఒక లాట్‌గా వస్తుంది, ప్రతి క్రేటుకీ ట్యాగు ఉంటుంది, రేపు ఏ దేశంలోనో పెట్టె విప్పి పరీక్ష చేస్తే యాంటీబయాటిక్ ఆనవాళ్ళు కనిపించాయనుకోండి, ఆ ట్యాగు నంబరు పట్టుకునే వెనక్కి నడుచుకుంటూ గుంట గట్టు దాకా పోవాలి. అంటే ఆ చిన్న అట్టముక్కే మాకు ప్రాణం. ఆ రాత్రి రెండు లాట్లు ఇంచుమించు ఒకేసారి దిగాయి. రెండూ 40 కౌంటే, అంటే కిలోకి 40 రొయ్యలు, కంటితో చూసి ఇది ఫలానా గుంటదని ఎవరూ చెప్పలేరు. ఐసు నీళ్ళకి నాని ఆరు క్రేట్ల ట్యాగులు ఊడి కింద పడ్డాయి. పిల్లాడు చూశాడు. వంగి ఏరుకున్నాడు, ఇటూ అటూ చూశాడు, ఊహించుకుని ఒక్కోటీ కట్టేశాడు. నేను పది బారల దూరంలోనే నిలబడి ఉన్నా. నన్ను అడగలేదు.

మర్నాడు తూకాల లెక్క కుదరక క్వాలిటీ వాళ్ళు పట్టుకున్నారు. రెండు లాట్లూ హోల్డ్‌లో పెట్టి, మళ్ళీ శాంపిళ్ళు తీసి ల్యాబుకి పంపి, కంటైనర్ ఆపి, రెండు రోజుల పాటు ఎవరికీ అన్నం సహించలేదు. నేను వాణ్ణి పక్కకి పిలిచి "నేను అక్కడే ఉన్నా కదబ్బయా, ఒక్క మాట అడిగితే పోయేది కదా" అన్నా. చాలాసేపు గమ్ బూట్ల వంక చూస్తూ నిలబడి, "మొన్న గ్లేజింగ్ గురించి అడిగితే 'ఇది కూడా తెలీదా' అన్నారు కదా మేడం" అన్నాడు.

నాకు అసలు గుర్తే లేదు. అనుంటాను, రోజుకు పదిసార్లు అంటాను, కొత్తలో నన్ను అట్టాగే అన్నారు కాబట్టి అది తిట్టు అని కూడా నాకు తోచలేదు. వాడికి మాత్రం తేదీతో సహా గుర్తుంది.

అప్పట్నుంచి నాకు ఒకటే అనిపిస్తోంది. పనిచేసే చోట మనిషికి కావాల్సిన మాటలు మూడో నాలుగో ఉంటాయి: నాకు అర్థం కాలేదు, తప్పు జరిగింది నావల్లే, అనుకున్న టైముకి అయ్యేట్టు లేదు, అది నేను చెయ్యలేదు. ఇవి నోటి నుంచి రావాలి. వచ్చినప్పుడు పైనున్నవాడు వాటిని నోట్లోనే నొక్కెయ్యకూడదు. మొదటి సగం పిల్లలకి నేర్పాలి, రెండో సగం నాలాంటివాళ్ళకి నేర్పాలి. క్లాసులన్నీ పిల్లలకే పెడతారు, మాకెవరూ పెట్టరు.

అబద్ధం చెప్పకూడదు, ఒకసారి పెట్టారు, సేఫ్టీ క్లాసని. కునుకు తీద్దామనే కూర్చున్నాం అందరం. వచ్చినాయన రొయ్యల ఊసెత్తకుండా విమానాల సంగతి చెప్పాడు. 1977 మార్చి 27న స్పెయిన్ వాళ్ళ టెనెరీఫ్ దీవిలో పొగమంచు కమ్మి ఉండగా రెండు పెద్ద విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. ఎగరడానికి పరుగెత్తుతున్న విమానంలో ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది, ఆ రెండో విమానం ఇంకా తప్పుకోలేదేమో అని పైకి అడిగాడు కూడా. కెప్టెన్ బాగా పేరున్న సీనియర్, తప్పుకుందిలే అన్నట్టు కొట్టిపారేశాడు, ఇంజనీర్ మళ్ళీ నోరెత్తలేదు. రేడియోలో మాటలు ఒకదానిమీద ఒకటి పడి సరిగా వినపడకపోవడంతో సహా కారణాలు ఇంకా ఉన్నాయి, అయినా ఇట్టాంటి ప్రమాదాల తర్వాతే కిందివాడు పైవాడికి ఎట్టా చెప్పాలి, పైవాడు ఎట్టా వినాలి అనేది పైలట్లకు ఒక పాఠంగా పెట్టారు. ఆపరేషన్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్టులో కూడా, కత్తి పెట్టే ముందు గదిలో ఉన్నవాళ్ళంతా తమ పేరూ తమ పనీ చెప్పుకోవాలని ఉందంట. నాకు ఆ పేరు సంగతి బాగా పట్టుకుంది. మా ఫ్లోర్ మీద "ఏయ్ మూడో టేబులూ" అని పిలుస్తారు. మూడో టేబుల్‌కి ఏదైనా తేడా కనిపిస్తే వచ్చి ఎవరితో చెప్తుంది?

పిలుపుల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు క్లాసుల్లో ఇది రాదు, ఆ భాషలో అందరికీ ఒకటే 'యూ' కాబట్టి. మనకి నువ్వు, మీరు, ఏరా, ఏమే, అన్నా, అక్కా, గారు, సార్, ఎన్నున్నాయో. ఇరవై మూడేళ్ళ ఇంజనీరు వచ్చి యాభై ఏళ్ళ కంప్రెసర్ ఆపరేటర్‌ని "నువ్వు" అంటే ఆయన ఆ రోజు పని చేస్తాడు గానీ, మిషన్‌లో ఏదో కొత్త శబ్దం వస్తోందని మాత్రం చెప్పడు. పోనీ అన్నా అని పిలిచాడనుకోండి, అదొక తంటా, అన్నా అని పిలిచాక ఈ పని మళ్ళీ చెయ్యమని ఎట్టా అడగాలో తెలీక వాడే ఓవర్‌టైమ్ కూర్చుని చేసుకుంటాడు. పిలుపు మార్చక్కర్లేదు. "ఆ ట్రే ఒకసారి మళ్ళీ చూద్దాం అన్నా" అంటే చాలు, మాట ట్రే మీద పడుతుంది, మనిషి మీద పడదు. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకైతే మన మీరూ నువ్వూ తెలీవు, గొంతు పెరిగిందా లేదా అన్నదే తెలుస్తుంది.

ఇవన్నీ పుట్టుకతో వచ్చిన మనుషులు కూడా ఉంటారు. మా దగ్గర ఒక పెద్దామె ఉంది, అరవైకి దగ్గరపడింది, బడి మొహం చూడలేదు. ఒకరోజు కొత్త ఫ్లోర్ ఇన్‌ఛార్జి కుర్రాడు టబ్బుల్లో ఐసు సరిపోయిందని ప్యాడ్ మీద టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాడు. ఐసు కరిగిపోయి చాలాసేపయింది. మేమెవరం ఏమీ అనలేదు. ఆమె చేతిలో రొయ్య ట్రేలో పెట్టి, "అబ్బయా, ఒకసారి ఇట్టా రా, ఈ నీళ్ళల్లో చెయ్యి పెట్టి చూడు, నా చేతులు మొద్దుబారిపోయినాయి, చల్లదనం తెలీడం లేదు" అంది. వాడు గ్లౌజు తీసి చెయ్యి పెట్టాడు. అట్టాగే కాసేపు ఉంచాడు. తీసి తుడుచుకుని, ఏమీ మాట్లాడకుండా పోయి ఐసు ట్రాలీ పంపించాడు. ఆమె చేతులు మొద్దుబారలేదని మాకందరికీ తెలుసు, ఆ కుర్రాడికీ తెలిసే ఉంటుంది, ఆ తర్వాత వాడు రోజూ టిక్కు పెట్టే ముందు చెయ్యి పెట్టి చూస్తున్నాడు. ఇంత నేర్పు చూసి మురిసిపోయిన మాట నిజమే, ఇంటికి వెళ్ళాక మాత్రం కోపం కూడా వచ్చింది. ఐసు చాల్లేదు అన్న మాట చెప్పడానికి ఒక పెద్దమనిషి తన చేతుల మీద నెపం వేసుకోవాల్సి రావడం ఏంటి?

ఇంకో సంగతి. నలుగురితో కలిసిపోవడం అంటే అన్నిటికీ సర్దుకుపోవడమని కొంతమంది చెప్తుంటారు, ఆడపిల్లలకి మరీనూ. సూపర్‌వైజర్ పిచ్చి మాటలు మాట్లాడితే, మీద చెయ్యి వేస్తే, ఎట్టా మాట్లాడి తప్పించుకోవాలో నేర్చుకోవడం ఆ పిల్ల పని కాదు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులు ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమందో అంతకంటే ఎక్కువో పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి పెద్దగా మహిళే ఉండాలి, జరిగిన మూడు నెలల్లోపు కాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వాలి. రాయడం రాకపోతే రాయడానికి సాయం చేసే బాధ్యత కూడా కమిటీదే. సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో ఇదొక్కటి చెప్పినా చాలు.

పైవాళ్ళ మీద నాకు పగేం లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ప్లాంటుకు ప్లాంటే టెన్షన్ పడింది, ఆ టెన్షన్ మెట్టు మెట్టు దిగుతూ వచ్చి చివరికి పీలింగ్ టేబుల్ దగ్గర ఆగింది. రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో ఒకడి పేరు పెట్టి కడిగేస్తారు, కింద పదిహేను మంది బొటనవేళ్ళు చూపిస్తారు, ఆ పదిహేను మందిలో నేనూ ఉన్నా. ఇప్పుడు గ్రూపులో ఒక్క మాట కూడా అనను, ఏమన్నా అనాలంటే మర్నాడు క్యాంటీన్ వెనక టీ తాగుతూ ఒక్కడితోనే అంటున్నా.

నా షిఫ్టులో ఇంకొకటి పెట్టా. కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెల షిఫ్టుకి మూడు ప్రశ్నలన్నా అడగాలి, అడగకపోతే నేనే వాళ్ళను అడుగుతా. ఎవరన్నా అడగ్గానే "అడిగావు, మంచి పని చేశావు" అనాలని నాకు నేనే రూలు పెట్టుకున్నా. మొదటి వారం రికార్డు చేసిన ఫోన్ గొంతులా అన్నానని పీలింగ్ అక్కలంతా ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు, ఆ ట్యాగుల పిల్లాడు ఇప్పుడు అర్ధరాత్రి రెండింటికి కూడా ఫోన్ చేసి "మేడం, చిన్న డౌటు" అంటున్నాడు. ఒక్కోసారి విసుగొస్తుంది కూడా.

మీ పేపర్లో ఉద్యోగాల పేజీ వస్తుంది. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, రెజ్యూమే ఎట్టా రాయాలో వేస్తారు, బాగుంది. చేరాక మొదటి మూడు నెలలు ఎట్టా ఉంటాయో కూడా వెయ్యండి, అదీ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్‌లతో కాకుండా చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో ఫోర్‌మన్‌లతో, కృష్ణపట్నం పోర్టు గేటు దగ్గర లారీలు లెక్క రాసేవాళ్ళతో, ఒంగోలు బట్టల షాపుల్లో రోజంతా చీరలు పరిచి మడిచేవాళ్ళతో చెప్పించండి. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల వాళ్ళూ, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ వాళ్ళూ వారానికి ఒక గంట తెలుగులోనే ఇది ఆడించి చూపించాలి. ఆడించడం అని ఎందుకంటున్నానంటే, మా ఎదురింటి వాణ్ణి ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చోబెట్టి అదే చేశా. నేను మేనేజర్ని, నువ్వు నువ్వే, నేను అరుస్తా, నువ్వు సమాధానం చెప్పు అన్నా. మొదట నవ్వాడు. రెండోసారి నేను నిజంగానే గొంతు పెంచేసరికి మొహం ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు. ఐదోసారికి చెప్పాడు: "సార్, ఆ ఫైలు నాకు వచ్చింది నిన్న సాయంత్రం, ఇవాళ మధ్యాహ్నానికి ఇస్తాను, ఇంకా ముందే వస్తే ముందే ఇచ్చేవాణ్ణి." అంతే, ఒక్క వాక్యం. నాలుగేళ్ళ చదువులో ఆ వాక్యాన్ని వాడి చేత ఎవరూ పలికించలేదు.

ఇప్పుడు కృష్ణపట్నం వైపు ఒక చోట అప్లై చేశాడు, పిలుపు రావాలి. రొట్టె సంగతి వాళ్ళమ్మే తేల్చుకుంది, ఒకటి ఇచ్చింది, ఒకటి తీసుకుంది.

దయచేసి నా పేరు వెయ్యకండి, ఉద్యోగం ఇంకా చేసుకోవాలి.

ఇట్లు,
ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్,
నెల్లూరు జిల్లా