విషయం: కందహార్‌లో రాకెట్ పడి నా చెవి పోయిన రాత్రి నేను 'డ్యూటీలో లేను' అన్న మీ జవాబుపై ఫిర్యాదు

జగిత్యాల, కరీంనగర్ జిల్లా
2013 సెప్టెంబరు 16

పర్సనల్ మేనేజర్ గారికి,
హైదరాబాద్ ఆఫీసు

అయ్యా,

మీ దుబాయ్ ఆఫీసుకు ఇంగ్లీషులో మూడు మెయిళ్లు పెట్టాను. మూడోదానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది. దెబ్బ తగిలినప్పుడు నువ్వు డ్యూటీలో లేవు, కంపెనీకి బాధ్యత లేదు అని. 2011లో అఫ్గానిస్తాన్‌లోని కందహార్ మిలిటరీ బేస్‌లో నెట్‌వర్క్ టెక్నీషియన్ పనికి నన్ను ఇంటర్వ్యూ చేసి, 'పని అంతా బేస్ లోపలే, భయపడే పని లేదు' అని తెలుగులో ధైర్యం చెప్పి పంపింది మీరే. అందుకే ఈసారి మీకు, తెలుగులోనే రాస్తున్నాను.

కాగితం మీద నా డ్యూటీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు. కానీ చేరిన రెండో వారమే సూపర్‌వైజర్ నా చేతికి ఆన్‌కాల్ ఫోన్ ఇచ్చాడు, అంటే ఏ వేళ మోగినా పనికి లేచి వెళ్లాలి. పందొమ్మిది నెలలు దాన్ని దిండు కింద పెట్టుకునే పడుకున్నాను. కందహార్ దుమ్ము మీరు చూడలేదు. పిండిలా ఉంటుంది, నెట్‌వర్క్ పరికరాలుండే మూసిన కేబినెట్లోకి కూడా దూరుతుంది. సిగ్నల్ మోసే ఫైబర్ తీగ కనెక్టర్ కొన మీద ఒక్క రేణువు కూర్చున్నా సిగ్నల్ పడిపోతుంది. రాత్రి గాలి లేచిందంటే తెల్లారేలోపు ఎక్కడో ఒక లింకు పోయినట్టే. పోయినప్పుడల్లా లేచి వెళ్లాను. ఓవర్‌టైం అడగలేదు. ఆ లింకుల మీదే వందల మంది పని నడుస్తుందని నాకు తెలుసు. నా పని మీద నాకు గౌరవం ఉండేది, ఇప్పటికీ ఉంది.

మార్చి నెలలో ఆ రాత్రి కూడా ఫోన్ మోగింది. టికెట్, అంటే లింకు పోయిందన్న ఫిర్యాదు నమోదు, నా పేరు మీద తెరిచిన సమయం 1:40. నేనూ, నేపాల్ నుంచి వచ్చిన హెల్పరూ పికప్‌లో రన్‌వే వైపున్న కేబినెట్ దగ్గరికి వెళ్లాం. మా టీంలో ఆరుగురికి ఉన్నవి మూడే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, అందులో ఒకటి ఆ రోజు బండిలో ఉంది. ఆ పిల్లాడికి ఇరవై రెండేళ్లు, వాడికి తొడిగాను. కనెక్టర్ తుడుస్తుండగా సైరన్ వచ్చింది. సైరన్ వస్తే ఏం చేయాలో మాకు నేర్పారు. ఉన్నచోటే బోర్లా పడుకోవాలి, రెండు నిమిషాలు లేవకూడదు, తర్వాత బంకర్లోకి వెళ్లి ఆల్ క్లియర్ ఇచ్చేదాకా ఉండాలి. సగం వంగానో లేదో, కాంక్రీటు గోడకు అవతల రాకెట్ పడింది. శబ్దం విన్నట్టు కూడా నాకు గుర్తు లేదు. ఛాతీ మీద ఎవరో గుద్దినట్టయింది, కుడి చెవిలోంచి వెచ్చగా మెడ మీదికి కారింది.

బంకర్లోంచి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, 'లింకు వచ్చిందా?' అని. ఆల్ క్లియర్ అయ్యాక మళ్లీ కేబినెట్ దగ్గరికి పోయి, చెవికి గుడ్డ కట్టుకుని, లింకు తెచ్చి, ఆ తర్వాతే రోల్ త్రీ మిలిటరీ ఆసుపత్రికి వెళ్లాను. టికెట్ 3:25కి మూసిందీ నా పేరు మీదే. డ్యూటీలో లేనివాడు ఆ టికెట్ ఎట్లా మూశాడో మీరు చెప్పాలి. ఆ రికార్డు మీ హెల్ప్‌డెస్క్‌లోనే ఉంది.

కర్ణభేరి చిరిగిందని అక్కడి డాక్టర్లు రాసిచ్చారు. ఏప్రిల్‌లో హైదరాబాద్ వచ్చాక కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో పరీక్ష చేయించాను. కుడి చెవికి వినికిడి చాలావరకు పోయింది, లోపల రాత్రింబవళ్లు గుయ్యిమనే మోత. కుడివైపు నుంచి మా అమ్మ పిలిస్తే నాకు తెలియదు. ఇది తగ్గేది కాదని డాక్టర్ చెప్పినప్పుడు ఆమె పక్కనే ఉంది.

ఇక చట్టం సంగతి. నేను టీసీఎన్‌ని, అంటే అమెరికా వాడినీ కాదు, అఫ్గాన్ వాడినీ కాదు, కాబట్టి అమెరికా చట్టం నాకు వర్తించదని మీ క్యాంపు మేనేజర్ అన్నాడు. అది అబద్ధం. 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ ప్రకారం అమెరికా మిలిటరీ కాంట్రాక్టు కింద విదేశంలో పనిచేసే ప్రతి మనిషికీ, ఏ దేశం వాడైనా, సబ్‌కాంట్రాక్టర్ దగ్గర పనిచేసినా, ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. ఆ సంగతి తెలిపే నోటీసు పనిచోట అంటించాలి. మా ఆఫీసు కంటైనర్లో అంటించింది భోజనాల టైంటేబుల్ ఒక్కటే. దెబ్బ సంగతి తెలిసిన పది రోజుల్లో మీరు అమెరికా కార్మిక శాఖకు ఎల్‌ఎస్-202 ఫారం, అంటే దెబ్బ రిపోర్టు, పంపాలి. ఆరు నెలలైనా పంపలేదు.

డ్యూటీలో లేడన్న వాదన కూడా నిలవదు. ప్రత్యేకమైన ప్రమాదం ఉన్న చోట మనిషిని పనికి పెట్టినప్పుడు, దెబ్బ తగిలిన క్షణంలో పని చేస్తూ ఉండాల్సిన అవసరం లేదని 1951లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. గ్వామ్ దీవిలో ఆటవిడుపు వేళ, మునిగిపోతున్నవాళ్లను కాపాడబోయి చనిపోయిన ఉద్యోగి కేసు అది. నేనైతే మీ కేబినెట్ ముందే ఉన్నాను.

నాకు అసలు అర్థం కానిది ఇంకొకటి. యుద్ధ ప్రమాదం వల్ల తగిలిన దెబ్బకు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన సొమ్మును 1942 నాటి ఇంకో చట్టం కింద అమెరికా ప్రభుత్వమే తిరిగి ఇస్తుంది. అంటే నాకు రావాల్సింది మీ జేబులోంచి పోయేది కూడా కాదు. ఒక ఫారం నింపాలి, అంతే. ఆ ఒక్క ఫారం నింపకుండా దుబాయ్‌లో నాతో రాజీనామా మీద సంతకం పెట్టించారు. పందొమ్మిది నెలలు క్యాంపు ఆఫీసు బీరువాలో ఉంచుకున్న నా పాస్‌పోర్టును సంతకం అయ్యాకే బల్ల మీద పెట్టారు. కాంట్రాక్టర్లు ఉద్యోగుల పాస్‌పోర్టులు గుంజుకోవద్దని అమెరికా అధ్యక్షుడు ఒబామా 2012 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వులోనే ఉంది. ఇల్లు చేరాలన్న ఒకే ఒక్క ఆత్రంతో సంతకం పెట్టాను. దాన్ని ఇష్టపూర్వక రాజీనామాగా నేను ఒప్పుకోను.

ఎల్‌ఎస్-202 వెంటనే పంపి దాని నకలు నాకు ఇవ్వండి. మీ ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు రాతపూర్వకంగా తెలపండి. ఇప్పటిదాకా వైద్యానికి పెట్టిన 46,300 రూపాయలు, ఇకముందు కొనాల్సిన వినికిడి యంత్రం ఖర్చు, పని లేక కూర్చున్న నెలలకు చట్టం చెప్పిన మూడింట రెండు వంతుల జీతం ఇప్పించండి. ఆ రాత్రి టికెట్ రికార్డు చెరపకుండా భద్రపరచండి. నాతో ఉన్న నేపాల్ పిల్లాడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. వాడికీ చెవి పరీక్ష చేయించండి, ఒక సొంత జాకెట్ ఇవ్వండి.

క్లెయిముకు ఏడాది గడువుంది కదా, అప్పటిదాకా తిప్పితే సరిపోతుందని ఎవరైనా మీకు చెప్పి ఉంటే, మీరు రిపోర్టు పంపనంతవరకు ఆ గడువు లెక్కే మొదలు కాదని అదే చట్టంలో ఉంది. అక్టోబరు 10లోగా మీ జవాబు అందకపోతే, నా క్లెయిము ఎల్‌ఎస్-203ని, ఈ ఉత్తరం నకలుతో సహా, కార్మిక శాఖకు నేనే పంపుతాను.

మా ఊరి నుంచి ఇద్దరు అబ్బాయిలు మీ దగ్గరే ఇంటర్వ్యూకు వస్తున్నారు. పోవాలా వద్దా అని నన్ను అడిగారు. మీ జవాబు వచ్చాక చెప్తానన్నాను.

ఇట్లు,
మీ మాజీ నెట్‌వర్క్ టెక్నీషియన్

జతపరచినవి: రోల్ త్రీ ఆసుపత్రి చీటీ, కోఠి ఆసుపత్రి వినికిడి పరీక్ష కాగితం, మందుల బిల్లులు, ఆన్‌కాల్ డ్యూటీ చార్టు ఫోటో