రెండున్నర తులాల సీసం

తల్లీ,

మజిల్‌లోడర్ (మూతి నుంచి మందూ గుండూ దట్టించే తుపాకీ) ఎల్క్ ట్యాగ్ డ్రాలో, అంటే ఆ పెద్ద దుప్పి వేట పర్మిట్ లాటరీలో నీ పేరు వచ్చిందని చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవట్లేదు, మీ అమ్మ అప్పుడే ఫ్రీజర్ ఖాళీ చేయడం మొదలుపెట్టింది. ఏ బుల్లెట్ కొనాలి నాన్నా అని అడిగావు కదా, ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ముందు రూల్స్. కొలరాడోలో సగం సెలక్షన్ అక్కడే అయిపోతుంది. ఈ సీజన్‌లో ఎల్క్‌కి .50 క్యాలిబర్ కంటే చిన్న గన్ పనికిరాదు, బుల్లెట్ పొడవు దాని వెడల్పుకి రెండింతలు దాటకూడదు అంటే నీ గన్‌కి అంగుళం లోపే, ప్లాస్టిక్ తొడుగుతో వచ్చే సాబోలు అసలు వాడకూడదు, పౌడర్ బిళ్ళలు కూడా కుదరవు లూజ్ పౌడరే పోయాలి, స్కోప్ ఉండదు. షాపుల్లో కనిపించేవి చాలావరకు సాబోలే, డబ్బా మీద ఎల్క్ బొమ్మ ఉంది కదా అని తెచ్చేసుకోకు.

ఇక మిగిలేవి రౌండ్ బాల్, కోనికల్ (పొడుగ్గా, మొన తేలి ఉండే బుల్లెట్). రౌండ్ బాల్ అంటే గోలీ లాంటి సీసపు గుండు, గుడ్డ ముక్క చుట్టి మూతి నుంచి దింపుతారు, మన నాటు తుపాకీ లాగే. .490 బాల్ బరువు సుమారు 177 గ్రెయిన్లు. గ్రెయిన్లంటే నీకు ఊహకి అందదేమో, మీ నానమ్మ లెక్కేసే పాత తులం ఉంది చూడు, 11.66 గ్రాములది, అది సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే ఆ బాల్ తులానికి కాస్త తక్కువ. నేను నీకోసం పెట్టిన కోనికల్ 460 గ్రెయిన్లు, రెండున్నర తులాల పైమాటే. చెరో అరచేతిలో ఒకటి పెట్టుకుని చూడు, నేను చెప్పాల్సింది నీ చేతికే తెలుస్తుంది.

ఎందుకింత బరువు అంటావేమో. నా మొదటి మజిల్‌లోడర్ హంట్ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఫ్లాట్ టాప్స్ కొండల్లో, ఆస్పెన్ చెట్లు అయిపోయి స్ప్రూస్ అడవి మొదలయ్యే చోట, పొద్దున్నే మగ ఎల్క్ కూత వేస్తూ అరవై గజాల దగ్గరికి వచ్చింది. నేను తేలికపాటి బుల్లెట్ వేసుకున్నా, ముక్కున గుంట ఉన్నది, స్పీడు బాగా ఉంటుందని. కాల్చాను. మజిల్‌లోడర్ పొగ నీకింకా అలవాటు లేదు, తెల్లటి దుప్పటి ముఖం ముందు ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది, జంతువు ఎటు పోయిందో కనపడదు. పొగ పోయాక చూస్తే అక్కడ ఏమీ లేదు. బుల్లెట్ భుజం ఎముక మీద విచ్చుకుని లోపలే ఆగిపోయి ఉంటుంది, రెండో పక్క రంధ్రం లేదు, కారిన రక్తమంతా దాని ఒత్తైన బొచ్చే పీల్చేసింది, ఆకుల మీద మూడు చుక్కలు దొరికాయి అంతే. రెండు రోజులు వెతికాను. దొరకలేదు. ఆ మూడు చుక్కలు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి తల్లీ.

అందుకే నీకు ఆ పక్క నుంచి బయటికెళ్ళే బుల్లెట్ కావాలి. మెత్తటి స్వచ్ఛమైన సీసం, బరువుగా, నెమ్మదిగా పోయినా ఆగకుండా తోసుకుపోయేది. కిందికి త్వరగా వాలిపోతుంది నిజమే, అందుకే 75 గజాలు దాటితే కాల్చకు, పక్కకి తిరిగి నిలబడే దాకా ఓపిక పట్టు, భుజం ఎముక వెనకాలే పెట్టు.

నీ బ్యారెల్ లోపలి గాళ్ళు 28 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి కాబట్టి కోనికల్‌కి సరిపోతుంది, 66 అంగుళాలకి తిరిగే పాత టైపు అయితే రౌండ్ బాలే అనేవాణ్ణి. బుల్లెట్ దింపేటప్పుడు గట్టిగా నెట్టాలి, దానంతటదే జారిపోతే ఆ సైజు వద్దు. ఎందుకంటే కొండ దిగుతూ గన్ మూతి కిందికి వంచినప్పుడు బుల్లెట్ పౌడర్ మీద నుంచి ముందుకి జరిగిపోతే, ఆ ఖాళీతో పేలిస్తే బ్యారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. లోడ్ చేశాక ర్యామ్‌రాడ్ (బుల్లెట్‌ని లోపలికి నెట్టే కడ్డీ) మీద గీత పెట్టుకో, గంటకోసారి దింపి చూసుకో, మూతికి నీ ముఖం, చెయ్యి అడ్డం రాకుండా.

సీసం మాంసంలోకి వస్తుందని నీకు భయం ఉంటే రాగివి ఉన్నాయి, థార్ అని, సాబో అక్కర్లేదు, కానీ నీ బ్యారెల్‌కి ఏ సైజు పడుతుందో ముందు చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకి సీసం వాడనివ్వట్లేదు, వేటగాళ్ళు వదిలేసిన పేగుల్లోని సీసం తిని కాండార్ రాబందుల్లాంటి పక్షులు చచ్చిపోతున్నాయని. నువ్వు రాగి వైపు వెళ్తే నేను అడ్డం చెప్పను.

డబ్బాలో 30 కోనికల్స్, వాటి కింద పెట్టే ఉన్ని ఫెల్ట్ బిళ్ళలు పెట్టాను. పౌడర్, ప్రైమర్లు పోస్టులో పంపకూడదు, అక్కడే కొనుక్కో. 80 గ్రెయిన్ల పౌడర్ కొలతతో మొదలుపెట్టి ఐదైదు పెంచుకుంటూ పో, గన్ పుస్తకంలో రాసిన మాక్సిమం దాటకు. ఏ కొలతకి మూడు గుండ్లూ ఒకేచోట పడతాయో గురికి పెట్టిన ఆ పేపర్ ప్లేట్ ఫోటో పంపించు. ఆగస్టులో నేనొస్తా, ఆరెంజ్ వెస్టు, టోపీ నాకూ ఒకటి తీసి ఉంచు.

నాన్న