‘ఒక్కసారిగా ఆన్ అయిన మెషిన్’

సంపాదకులకు నమస్కారం.

‘మరమ్మతు చేస్తుండగా ఒక్కసారిగా మెషిన్ ఆన్ కావడంతో కార్మికుడి చెయ్యి నలిగింది’ అన్న వార్త పేపర్లో తరచూ కనిపిస్తుంది. ఆ ‘ఒక్కసారిగా’ వెనక సంగతి ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చేసేవాళ్లందరికీ తెలుసు.

ప్యాకింగ్ లైనే తీసుకోండి. అట్టపెట్టె అడ్డంపడి లైన్ ఆగింది. ఆపరేటర్ ఎర్ర బటన్ కొట్టి చెయ్యి లోపల పెడతాడు. డంప్ వాల్వు (ఆపగానే గాలిని బయటికి వదిలేసేది) లేని లైన్లలో ఆ బటన్ మోటార్లను ఆపుతుందే గానీ, గాలి ఒత్తిడితో భాగాలను తోసే సిలిండర్‌లో 6 బార్ ఒత్తిడి అలాగే ఉంటుంది. 63 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్ ఆ గాలితో 190 కిలోల బరువంత తోస్తుంది. అప్పటిదాకా దాన్ని ఆపింది ఇరుక్కున్న ఆ పెట్టే. పెట్టె లాగగానే సిలిండర్ మిగిలిన స్ట్రోకు (తోపు) పూర్తిచేస్తుంది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. సెన్సర్లతోనూ ఇదే తంటా. మెషిన్ ఆటోలో ఉండగా కన్ను మీది దుమ్ము తుడిస్తే, గుడ్డనే పెట్టె అనుకుని పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే కంప్యూటర్) తర్వాతి పనికి వెళ్లిపోతుంది.

అందుకే ముందు మెయిన్ ఐసోలేటర్ (మెషిన్‌కి కరెంటు తెంచే స్విచ్) ఆఫ్ చేసి తాళం వెయ్యాలి. గాలి వాల్వు మూసి, లైన్లో మిగిలింది వదిలేసి, గేజి సున్నాకి వచ్చిందో లేదో చూడాలి. పైకెత్తి ఉన్న భాగానికి కింద ఆసరా పెట్టాలి. 415 వోల్టుల డ్రైవ్‌లో (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టెలో) కరెంటు తీసేసినా, దాన్ని నిల్వ ఉంచే కెపాసిటర్లలో దాదాపు 590 వోల్టుల డీసీ ఉంటుంది. లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మీటర్ పెట్టి చూశాకే ముట్టుకోవాలి. చివరగా స్టార్ట్ బటన్ నొక్కి, కదలడం లేదని తేల్చుకోవాలి. లోపల ముగ్గురుంటే మూడు తాళాలు, ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో. దారంతో కట్టిన ‘పని జరుగుతోంది’ బోర్డును ఎవరైనా తీసి పక్కన పెట్టగలరు.

ఇక కదిలే భాగాలకు అడ్డుగా ఉండే గార్డు తలుపుల సంగతి. కీలు జారి తలుపు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగితే, తలుపు తెరిస్తే మెషిన్‌ని ఆపే స్విచ్ సరిగా తగలదు, అదిరినప్పుడల్లా మెషిన్ ఆగుతుంది. తలుపు సరిచెయ్యడానికి అరగంట చాలు. కానీ ప్రొడక్షన్ వాళ్లు ఆ అరగంట ఇవ్వరు, ప్యానెల్లో ఆ స్విచ్‌ని పనిచెయ్యకుండా చేసే జంపర్ వైరు పడుతుంది. ‘ఈ షిఫ్టుకే’ అని వేసిన ఆ వైరు నెలల తరబడి అక్కడే ఉంటుంది. కదులుతున్న ప్రమాదకర భాగాలకు రక్షణ కంచె తప్పనిసరని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది.

తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్లతో పాటు ఒక ప్యానెల్ తెరిపించి, నడుస్తున్న మెషిన్ గార్డు తలుపు లాగి చూడాలి. ఆగకపోతే జంపర్ ఉందని అనుమానించాల్సిందే. విలేకరులకూ ఒక మనవి: ప్రమాదం జరిగిన చోట ‘కార్మికుడి అజాగ్రత్త’ అని రాసుకునేముందు, ఐసోలేటర్‌కి తాళం ఉందా, దాని చెవి ఎవరి దగ్గరుంది అని అడగండి.

– కొందరు మెయింటెనెన్స్ టెక్నీషియన్లు, జీడిమెట్ల